ఊక కప్పిన పెట్టె

మేమంతా చేచి, అంటే అక్క, అని పిలిచే కార్త్యాయని పెరట్లో మూడేళ్ళుగా పోగైన గుల్లచిప్పల గుట్ట ఉండేది. వంటింటి గుమ్మంలో నిలబడితే ఆ తెల్లటి గుట్టే తప్ప దాని వెనక ఉన్న వేంబనాటి సరస్సు కనిపించేది కాదు. తులా మాసం చివర్లో ఒక పొద్దున సున్నపు బట్టీవాళ్ళ పడవలు రెండు వచ్చాయి. మధ్యాహ్నానికల్లా గుట్టంతా ఎత్తుకుపోయాయి. అది ఉన్నచోట తెల్లటి మచ్చ మిగిలింది, దాని అవతల నీళ్ళు మెరుస్తూ కనిపించాయి.

"ఇల్లు బోడిదైపోయింది," అన్నాడు ఆమె భర్త దివాకరన్ చేట్టన్. చేట్టన్ అంటే మాకు అన్న.

"బోడి తలే నయం. పేలు పట్టవు," అంది చేచి.

ఆ చిప్పల డబ్బు పెట్టి ఆమె ఒక ఫ్రీజర్ కొన్నది. ఆలప్పుళలో మూతపడిన ఐస్‌క్రీమ్ దుకాణం వాళ్ళది, పైకి మూత తెరుచుకునే పెద్ద పెట్టె.

మా ఒడ్డున ఫ్రీజర్ కొనాలనుకున్న మొదటి మనిషి ఆమే. ఎందుకు కొనాలనుకుందో అందరికీ తెలుసు. మగవాళ్ళు చీకటితో పడవలు వేసుకుని వెళ్ళి, పొడుగాటి వెదురు గడకి కట్టిన వలబుట్టతో సరస్సు అడుగు గీకి గుల్లలు తెస్తారు. పది గంటలకి అవి ఒడ్డుకి వస్తాయి. ఆ తరవాతి పని ఆడవాళ్ళది. కడిగి, ఉడికించి, జల్లెడలో ఆడించి మాంసం వేరు చేయాలి. రెండు గంటలకి మాంసం కొనే ఆంటప్పన్ తన వ్యానులో వస్తాడు. అతను చెప్పిందే ధర. ఎందుకంటే గుల్లమాంసం ఆగదు. "రెండింటికి బంగారం, నాలుగింటికి ఇత్తడి, ఆరింటికి కాకుల పాలు. కాకులకి అమ్ముకుంటారా, నాకు అమ్ముతారా?" అని నవ్వుతూ అడుగుతాడు. చెడ్డవాడని అనలేం. అతను చెప్పేది నిజమే కాబట్టి ఎవరూ మాట్లాడలేకపోయేవారు.

అన్నిటికంటే గడ్డు రోజులు నవంబరు నడుమ మొదలయ్యే వృశ్చికంలో వస్తాయి. అయ్యప్ప మాల వేసుకున్న ఇళ్ళలో నలభై ఒక్క రోజులు నీచు వండరు. అదే సమయంలో క్రైస్తవుల ఇళ్ళలో క్రిస్మస్ ముందు ఇరవై ఐదు రోజుల ఉపవాసం. "మన దేవుడూ వాళ్ళ దేవుడూ కూడబలుక్కుని నా పొట్ట మీద కొడతారు," అనేది చేచి. ఆ రోజుల్లో ఆంటప్పన్ తట్టలో సగం తీసుకుని సగం వెనక్కి ఇచ్చేసేవాడు. తీరా క్రిస్మస్ ముందు రెండు రోజులు గుల్లమాంసం కావాలని రోడ్డు మీద జనం నిలబడితే, ఒక్క పొద్దుటి రాబడి ఎవరికి చాలుతుంది? ఆ నలభై రోజుల మాంసాన్ని క్రిస్మస్ దాకా ఆపగలిగితే చాలు. చేచి కోరుకున్నది అదే. దివాకరన్ చేట్టన్‌కి దగ్గు ముదిరింది. ఇంకో రెండేళ్ళకి మించి గడ లాగలేడని ఆమెకి తెలుసు, ఆయనకీ తెలుసు.

మా అమ్మ పొగకి ఊపిరాడక పడకేస్తే, నేను పదో తరగతి మధ్యలో బడి మానేసి ఆమె చోట పొయ్యి దగ్గర కూర్చున్నాను. ఆ పొయ్యి చేచిది. అందుకే ఇదంతా నా కళ్ళ ముందే జరిగింది.

దుకాణంవాడు పెట్టెని ఇంట్లో అమర్చడానికి మనిషిని పంపిస్తానన్నాడట. వాళ్ళ మనిషి కాలువ దాటి రావాలంటే వేరేగా ఇవ్వాలన్నాడట. చేచి అతని మొహం మీదే నవ్విందని దివాకరన్ చేట్టన్ చెప్పాడు. పొలాల్లో నీళ్ళు తోడే మోటారు పాడైతే మేమే విప్పుకుంటాం, ఒక ఐసు పెట్టెని నిలబెట్టుకోలేమా అందట.

రెండు పడవలు జత కట్టి, పైన పలకలు పరిచి తెచ్చారు. కాలువ మీది వంతెన కింద తల తగులుతుందని, పడుకోబెట్టమని పడవవాళ్ళు గోల పెట్టారు. చేచి ఒప్పుకోలేదు. "నిండు బిందెని పడుకోబెట్టి తెస్తామా? దాని కడుపులో ఏముందో మనకేం తెలుసు," అంది. పాటు తీసి నీళ్ళు తగ్గేదాకా రెండు గంటలు వంతెన దగ్గరే కూర్చున్నారు. ఆ విషయంలో ఆమె చేసింది సరైన పనేనని తరవాత తెలిసింది. పడుకోబెడితే మోటారులో నూనె గొట్టాల్లోకి పోతుందట.

వంటింటి పక్క గదిలో గోడ మీద, పెద్ద వరద వచ్చిన ఏడు నీళ్ళు ఆగిన గీత ఇప్పటికీ ఉంది. పెట్టెని అంత ఎత్తు ఎక్కించలేరు కాబట్టి, చేచి ప్రతి ఏడూ వచ్చే నీళ్ళకి అందకుండా మోకాలెత్తున ఎర్రరాళ్ళు పేర్చింది. రాళ్ళ మీద స్టీలు పళ్ళెం పెట్టి, అందులో నీళ్ళు పోసి, ఏ పక్కకి వాలుతున్నాయో చూసింది. కొబ్బరిమట్ట ముక్కలు కోసి ఆ పక్క కింద దూర్చింది. ఇద్దరు, ముగ్గురు కాదు, ఎనిమిది మంది పట్టి పెట్టెని ఎక్కించారు. దివాకరన్ చేట్టన్ లావుపాటి తీగ తెచ్చి, కొత్త ప్లగ్గు బిగించి, పెరట్లో ఉప్పూ బొగ్గూ వేసిన గోతిలో ఇనుప కడ్డీ పాతి దానికి ఒక తీగ కలిపాడు. అన్నీ పద్ధతిగానే చేశారు. పెట్టెకి గంధం బొట్టు పెట్టి, దీపం చూపించి, మర్నాడు పొద్దున స్విచ్చి వేశారు.

పెట్టెతో పాటు ప్లాస్టిక్ సంచిలో ఒక కాగితం వచ్చింది. మలయాళం వైపు తడిసి చెరిగిపోయింది. ఇంగ్లీషు వైపు బాగానే ఉంది. నేను పొయ్యి దగ్గర కూర్చుని కూడబలుక్కుంటూ చదివాను. సగం అర్థం కాలేదు. ఒక బొమ్మ మాత్రం అర్థమైంది. మధ్యలో పెట్టె, నాలుగు పక్కలా బాణాలు, బాణాల కొసన అంకెలు. గోడకీ పెట్టెకీ మధ్య జానెడు చోటు వదలాలని.

సాయంత్రానికి చేచి పెట్టె పక్క గోడల మీద చెయ్యి వేసి చూసింది. మొహం మారిపోయింది. నా చెయ్యి పట్టుకుని అక్కడ ఆనించింది. వేడిగా ఉంది. జ్వరం వచ్చిన పిల్లవాడి వీపులా ఉంది.

"చూశావా? ఎండ వేడంతా లోపలికి పీలుస్తోంది. చల్లదనాన్ని ఇది తినేస్తుంది," అంది.

ఇక్కడ ఆమె తండ్రి గురించి చెప్పాలి. కుంజన్ అని ఆయన పేరు. నేను చూడలేదు. ఆలప్పుళ ఐసు ఫ్యాక్టరీ నుంచి చేపల రేవులకి పడవలో ఐసు దిమ్మలు చేరవేసేవాడు. రాత్రంతా తెడ్డు వెయ్యాలి. దూడంత దిమ్మ బయలుదేరితే మేకంత రేవు చేరేది, అందరి పడవల్లోనూ. కుంజన్ పడవలో మాత్రం దూడ దూడలాగే దిగేదని చెప్పుకునేవారు. పడవ గర్భంలో పలకలతో పెట్టె కట్టి, అడుగునా చుట్టూతా పైనా జానెడు మందాన వరి ఊక కూరి, దాని మీద తడి గోనె కప్పేవాడు. రెండు చేతుల మందం లేనిదే ఐసు ఐసు కాదు అనేవాడట. ఏడేళ్ళ వయసు నుంచి కార్త్యాయని ఆ ఊక కూరేది. తండ్రి గురించి ఆమె ఎక్కువ మాట్లాడదు. మాట్లాడితే మాత్రం ఆ ఊక గురించే.

అందుకని ఆమె మర్నాడు మిల్లుకి వెళ్ళి పది బస్తాల ఊక తెప్పించింది. పెట్టె చుట్టూ పాత పడవ పలకలతో దడి కట్టించింది. ఊక కూరడం మొదలుపెట్టింది. అడుగున మోటారు ఉన్నచోట జాలీ కనిపిస్తే, ఊక లోపలికి పోతుందని దానికి గోనె కట్టింది.

నేను కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.

"చేచీ, ఇందులో ఒక బొమ్మ ఉంది..." అన్నాను.

ఆమె తల ఎత్తలేదు. జుట్టు నిండా ఊక. "ఐసు సంగతి నేను కాగితం చూసి నేర్చుకోవాలా, మోళే? పో, పొయ్యి కిందికి కొబ్బరిమట్ట తొయ్యి," అంది.

కోపంగా ఏమీ అనలేదు. నవ్వుతూనే అంది, మోళే అని కన్నకూతుర్ని పిలిచినట్టే పిలిచింది. నేను వెళ్ళి మట్ట తోశాను. కాగితం మడిచి చూరులో దోపాను. ఇంకొక్క మాట అని ఉండవచ్చు. ఆ మాట నా నాలుక మీదే ఉంది. కానీ ఐసులో పుట్టి పెరిగిన మనిషికి, పదో తరగతి పూర్తి చేయని పిల్ల ఏం చెబుతుంది? ఆ బొమ్మ వేసినవాళ్ళకి మా ఎండ తెలియదేమో అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

పని పూర్తయ్యాక దివాకరన్ చేట్టన్ చుట్టూ తిరిగి చూశాడు. "పెళ్ళికూతుర్ని కూడా ఇంతగా చుట్టరే. దీనికి ముక్కెక్కడ?" అన్నాడు.

"నీకున్న ముక్కు నువ్వు సరిగ్గా వాడుకో చాలు," అంది చేచి. ఆయన నవ్వబోయి దగ్గాడు.

మొదట్లో పెట్టె బాగానే పని చేసింది. మాంసం కిలో చొప్పున సంచుల్లో కట్టేవాళ్ళం. చదువుకున్న పిల్లవి నువ్వే రాయి అని చేచి నాకు పెన్ను ఇచ్చింది. చీటీ మీద తేదీ రాసి ప్రతి సంచిలో ఒకటి వేసేదాన్ని. మర్నాటికి సంచులు రాళ్ళలా గట్టిపడేవి. చేచి ఒకటి తీసి గచ్చు మీద కొట్టి, ఆ చప్పుడు మాకు వినిపించేది. వృశ్చికం మొదలైంది. ఆంటప్పన్ ధర దించాడు. ఆ రోజు ఆమె తట్ట వెనక్కి లాక్కుంది.

"ఇవ్వను," అంది. "క్రిస్మస్‌కి నువ్వే వచ్చి నా గుమ్మంలో నిలబడతావు, ఆంటప్పా."

"నిలబడతాను చేచీ. కుర్చీ వేస్తారా?"

"చాప వేస్తాను."

ఆ సాయంత్రం ఆమె మాకు కర్రపెండలం ఉడకబెట్టి, కొబ్బరి ముక్కలు వేసి వేయించిన గుల్లమాంసం పెట్టింది. దివాకరన్ చేట్టన్ రెండోసారి వడ్డించుకున్నాడు. ఆమె అంత హాయిగా కూర్చోవడం నేను చూడటం అదే మొదలు. మళ్ళీ చూడలేదు.

గదిలో పెట్టె రొద చేసేది. మొదటి వారం కాసేపు మోగి కాసేపు ఆగేది. తరవాత ఆగడం మానేసింది. పగలూ రాత్రీ ఒకటే మోత. కష్టపడి పని చేస్తోంది అనేది చేచి. పెట్టె నిండవచ్చే రోజుల్లో పైన పెట్టిన సంచుల్ని నా బొటనవేలితో నొక్కి చూశాను. ఉడికిన పెండలంలా లోపలికి వెళ్ళింది. కొత్తవి కదా, రేపటికి గట్టిపడతాయనుకున్నాను. డిసెంబరు రెండో వారంలో పెట్టె నిండింది. చేచి మూత వేసి, చుట్టూ తాడు బిగించి, మూత మీద కూడా ఊక బస్తాలు పరిచి, పైన గోనె కప్పింది. మూత ఎన్నిసార్లు తీస్తే ఐసు అంత చస్తుందని వాళ్ళ నాన్న చెప్పిన మాట. ఇరవై మూడో తేదీ దాకా ఎవరూ ముట్టుకోకూడదంది.

ఆ తరవాత నాలుగైదు రోజులకి మోత ఆగింది. నేను గోడ పక్కగా నీళ్ళకి వెళ్తూ విన్నాను, అంటే ఏమీ వినపడకపోవడం విన్నాను. టిక్కుమని ఒక చప్పుడు, కాసేపటికి ఇంకో టిక్కు, అంతే. చేచిని అడిగితే, "కడుపు నిండినవాడు మాట్లాడడు," అంది. ఆమె మొహంలో అనుమానం లేదు. అనుమానం అంతా నా దగ్గరే ఉంది. దాన్ని అయిదు రోజులు దాచాను. మా పెరళ్ళలో ఎప్పుడూ గుల్లల వాసనే కాబట్టి, ఆ వాసనలో ఇంకో వాసన కలిసినా ఎవరికీ తెలియదు.

ఇరవయ్యో తేదీ పొద్దున ఆ గదిలో చీపురు వేస్తుంటే చీమలు కనిపించాయి. గుమ్మం నుంచి దడి దాకా సన్నటి బారు. దడి అడుగున పలకల సందులో ఊక నల్లగా తడిసి ఉంది. చీపురు అక్కడే పెట్టి వెళ్ళి ఆమె కొంగు పట్టుకున్నాను. అలా ఎప్పుడూ పట్టుకోలేదు.

"చేచీ, మూత తీసి చూద్దాం."

ఆమె నన్ను చూసింది. దివాకరన్ చేట్టన్ ఊక బస్తాలు దించాడు, తాడు ఆమె తనే విప్పింది.

మూత లేవగానే మేం ముగ్గురం వెనక్కి జరిగాం. పైనుంచి కింద దాకా అంతా నీరు. సంచులు ఉబ్బి పైకి తేలాయి. కొన్ని పగిలి మాంసం బూడిదరంగు ముద్దగా తేలుతోంది. నా చీటీలు మాత్రం సంచుల్లో చెక్కు చెదరలేదు. వృశ్చికం మొదటి రోజు తేదీ కూడా చదవడానికి వీలుగా ఉంది. చేచి ఒక సంచి తీసి, అలవాటుగా గచ్చు మీద కొట్టబోయి, ఆగి, మళ్ళీ లోపల పెట్టేసింది.

మధ్యాహ్నం షిహాబ్ వచ్చాడు. అవతలి ఒడ్డున ఫ్రిజ్‌లు బాగు చేసే కుర్రవాడు. ముక్కుకి గుడ్డ కట్టుకుని దడి లోపలికి చెయ్యి పెట్టాడు. మోచేతి దాకా ఊకలోకి దిగింది. గుప్పెడు ఊక తీసి చూసి, "ఇదెవరు పెట్టారు?" అన్నాడు.

"నేను," అంది చేచి.

అతను మర్యాదస్తుడు. నవ్వలేదు. గోనె విప్పి, మోటారు చూసి, మాడిపోయిందని చెప్పాడు. దాన్ని మార్చడం కంటే ఇంకో పాత పెట్టె కొనుక్కోవడమే మేలన్నాడు.

"గోడలు వేడెక్కితే కప్పాను. వేడి లోపలికి పోతోందని," అంది చేచి.

"లోపలికి కాదు చేచీ. లోపలి వేడిని లాగి, ఈ గోడల్లోంచి బయటికి పారేస్తుంది. గోడ వేడిగా ఉందంటే అది చక్కగా పని చేస్తున్నట్టు. ఐసుని కాపాడాలంటే కప్పాలి. కానీ ఇది ఐసు కాదు, ఐసు చేసే యంత్రం. దీనికి గాలి ఆడాలి."

ఆమె పెట్టె గోడ మీద చెయ్యి ఆనించి ఉంచింది. ఇప్పుడు అది వేడిగానూ లేదు, చల్లగానూ లేదు. అప్పుడు అడిగింది.

"ఆ సంగతి కాగితంలో ఉందా?"

షిహాబ్‌ని కాదు, నన్ను అడిగింది.

"ఉంది," అన్నాను.

"నువ్వు చూశావా?"

"బొమ్మ ఉంది. చుట్టూ జానెడు చోటు వదలమని."

"మరి చెప్పలేదే."

చెప్పబోయాను అనవచ్చు. అది అబద్ధం కాదు. కానీ ఆ రోజు ఒక మాట చాలకపోతే రెండో మాట అనాల్సింది. రెండో మాట అననిది నేనే. ఆమె నా జవాబు కోసం ఆగలేదు. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

దివాకరన్ చేట్టన్ గుమ్మంలో కూర్చుని, "ఊక నేనూ మోశాను కదే. ఆ పిల్లని చూస్తావేం," అన్నాడు. చేచి బకెట్ కోసం పెరట్లోకి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమంతా, మర్నాడంతా మేం మాంసాన్ని బకెట్లతో మోసి కొబ్బరిచెట్ల పాదుల్లో గోతులు తీసి పూడ్చాం. కాకులు ఊరంతటి నుంచీ వచ్చాయి. చేచి పార పట్టుకుని తవ్వుతూనే ఉంది. చీటీలు మాత్రం ఏరి పక్కన పెట్టి, పొయ్యిలో వేసింది.

ఇరవై మూడున ఆంటప్పన్ వచ్చాడు. ఖాళీ తట్టలు తెచ్చుకున్నాడు. సంగతి అతనికి తెలియదు. నిజంగానే గుమ్మంలో నిలబడి, చాప ఏది చేచీ అన్నాడు. ఆమె లోపలికి వెళ్ళి చాప తెచ్చి పరిచింది. ఆ రోజు పొద్దుటి రాబడి తట్టలో పోసి అతని ముందు పెట్టింది. అంతే ఉంది. అతను తట్టను చూశాడు, గదిలోకి చూశాడు, నన్ను చూశాడు. చాప మీద కూర్చోలేదు. తూకం వేసి, ఆ రోజు రోడ్డు మీద ఎంత పలుకుతోందో అంతా లెక్కకట్టి ఇచ్చాడు. దాంతో ఆమెకి ఇంకా కష్టమనిపించింది.

పెట్టెని ఆమె పారెయ్యలేదు. దడి అలాగే ఉంచి, తడి ఊక తీసి కొత్తది కూరింది. ఇప్పుడు వారానికి రెండుసార్లు ఆంటప్పన్ వ్యానులోనే ఐసు తెప్పించి అందులో వేస్తుంది. మూడు రోజులకి కూడా దిమ్మ పెద్దగా కరగదు. వచ్చి చూసినవాళ్ళు మెచ్చుకుంటారు. కుంజన్ కూతురనిపించుకున్నావు అని ఒక ముసలాయన అన్నప్పుడు ఆమె ఊక సర్దుతూనే ఉంది. రెండింటి ధర నచ్చకపోతే ఒక రోజు ఆపగలదు, రెండు రోజులు ఆపగలదు. నలభై రోజుల్ని ఊక ఆపలేదు. మళ్ళీ వృశ్చికం వచ్చింది. ఆంటప్పన్ ధర దించాడు. ఈసారి ఆమె తట్ట వెనక్కి లాక్కోలేదు.

ఆమె నాతో మాట్లాడుతుంది. నిప్పు చూడు, జల్లెడ ఇటివ్వు, నీళ్ళు చాలు అంటుంది. మోళే అని మాత్రం అనదు. పాదుల్లో మాంసం పడ్డ చెట్లు ఆ ఏడు విరగకాశాయి. ఆ కాయలు ఆమె తన ఇంట్లో కొట్టదు. అన్నీ దివాకరన్ చేట్టన్ చేత మా ఇంటికి పంపిస్తుంది. అమ్మ ఓపికుండి లేచిన రోజు కూరలో వేస్తుంది, నేను తింటాను.

సాయంత్రం పని అయ్యాక చిప్పలన్నీ తట్టకెత్తి ఆ తెల్లటి మచ్చ మీద పోసి వస్తాను. దివాకరన్ చేట్టన్ ఇప్పుడు వారంలో మూడు రోజులే సరస్సుకి వెళ్తున్నాడు. చేచి వంటింటి గుమ్మంలో నిలబడి గుట్ట ఎంత పెరిగిందో చూస్తుంది. ఏడాది దాటినా మోకాలెత్తు రాలేదు. గుమ్మంలోంచి సరస్సు ఇంకా కనిపిస్తూనే ఉంది.